కోర్ ఏరియాలో మీ ఊరు ఉందా? తరలింపు ప్యాకేజీకి సంతకం పెట్టే ముందు చదవండి

కవ్వాల్, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల లోపల గూడేల్లో, పెంటల్లో, తండాల్లో ఉంటున్న కుటుంబాల కోసం ఈ పాఠం. అడవిని పులికి వదిలి బయటకు వచ్చే కుటుంబానికి ప్రభుత్వం డబ్బు గానీ, భూమి, ఇల్లు గానీ ఇస్తుంది. దీన్నే స్వచ్ఛంద తరలింపు పథకం అంటారు. ప్యాకేజీ జీవితంలో ఒక్కసారే వస్తుంది. ఒకసారి తీసుకుని బయటకు వచ్చాక పాత ఊరికి తిరిగి వెళ్లడం కుదరదు. అందుకే ఏ పని ముందు జరగాలి, ఏది తర్వాత జరగాలి అన్నది మీకు తెలిసి ఉండాలి. మీకు చదవడం వస్తే, రానివాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపించండి. ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్లకు వినిపించండి.

ఈ డబ్బు ఎందుకు, ఎక్కడి నుంచి?

పులుల అభయారణ్యంలో రెండు భాగాలు ఉంటాయి. లోపలిది కోర్, చుట్టూ ఉన్నది బఫర్. పులి పిల్లలు పెట్టి పెంచుకోవాలంటే మనుషుల అలికిడి లేని చోటు కావాలి. పిల్లలు పెట్టే ఆడపులులు ఇరవై దాకా నిలవాలంటే 800 నుంచి 1,000 చదరపు కిలోమీటర్ల ప్రశాంతమైన అడవి కావాలని జాతీయ పులుల సంరక్షణ సంస్థ లెక్క. కవ్వాల్ కోర్ సుమారు 893 చదరపు కిలోమీటర్లు. అమ్రాబాద్ కోర్ అంతకు రెట్టింపు కన్నా ఎక్కువ. ఈ కోర్‌లో ఉన్న ఊళ్లకే ఈ ప్యాకేజీ. బఫర్‌లో మనిషి, జంతువు కలిసి బతకాలన్నదే చట్టం ఉద్దేశం. బఫర్ ఊరివాళ్లను ఎవరైనా ఖాళీ చేయమంటే, మీది కోర్ అని చూపించే నోటిఫికేషన్ కాగితం అడగండి.

డబ్బులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. అడవి భూములు ప్రాజెక్టులకు పోయినప్పుడు జమయ్యే కంపా నిధి నుంచి కూడా తరలింపు ఖర్చు పెట్టవచ్చు. ఇది మీకెందుకంటే, రెండు చోట్ల నుంచి రావాల్సిన డబ్బు ఒకేసారి రాకపోవచ్చు. సగం ఊరికి వచ్చి సగం ఊరికి ఆగిపోతే ఏం చేస్తారన్నది ముందే అడిగి పెట్టుకోవాలి.

2008లో ఒక కుటుంబానికి 10 లక్షల రూపాయలుగా ఖరారైన ప్యాకేజీని 2021లో 15 లక్షలకు పెంచారు. అంతకు మించి ఖర్చయితే రాష్ట్రం భరించాలి. నిర్మల్ జిల్లా కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట ఊళ్లు ఈ పథకం కిందే కవ్వాల్ కోర్ నుంచి బయటకు వచ్చాయి. అక్కడ కొన్ని కుటుంబాలు నగదు తీసుకున్నాయి, మిగతావి భూమి, ఇల్లు తీసుకున్నాయి. మీకు చుట్టాలు ఎవరైనా అక్కడ ఉంటే, నిర్ణయం తీసుకునే ముందు ఒకరోజు వెళ్లి వాళ్ల ఇళ్లు, పొలాలు కళ్లతో చూసి, వాళ్లతో మాట్లాడి రండి. ఏ అధికారి చెప్పినా, ఈ పాఠం చెప్పినా, వాళ్ల మాట అంతకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇష్టం ఉంటేనే

"పైనుంచి ఆర్డర్ వచ్చింది, మీరు వెళ్లాల్సిందే" అని ఎవరైనా అంటే అది తప్పు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణలో, అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టంలో ఇదే మాట రెండుసార్లు రాసి ఉంది. కోర్ నుంచి తరలింపు ఇష్టపూర్వకంగా, ఇరుపక్షాలు ఒప్పుకున్న షరతుల మీద మాత్రమే జరగాలి. అంతకన్నా ముందు, ఆ ఊరు అక్కడే ఉంటే అడవికి సరిచేయలేని నష్టం జరుగుతుందని, కలిసి బతికే దారి వేరే ఏదీ లేదని ప్రభుత్వం తేల్చి చూపాలి. ఆ కాగితం అడిగే హక్కు గ్రామసభకు ఉంది. చాలామంది అడగరు. మీరు అడగండి.

ఇష్టం లేని కుటుంబం ఉండిపోవచ్చు. ఉండిపోయిన వాళ్లకు రేషన్, పింఛన్, బడి, కరెంటు ఆపడానికి వీల్లేదు. పశువుల్ని అడ్డుకోవడం, దారి మూసేయడం లాంటి ఒత్తిడి జరిగితే తేదీతో సహా రాసి పెట్టుకోండి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాన్ని అక్రమంగా భూమి నుంచి వెళ్లగొట్టినా, వాళ్ల అటవీ హక్కులకు అడ్డుపడినా అది అత్యాచార నిరోధక చట్టం కింద నేరం.

ముందు హక్కు, ఆ తర్వాతే ప్యాకేజీ

ఈ పాఠంలో ఒక్క సంగతే గుర్తుంటుందంటే, అది ఈ సంగతి కావాలి.

అటవీ హక్కుల చట్టం ప్రకారం, ఊరి హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ కదిలించకూడదు. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు, అప్పటికే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవి మీద ఆధారపడి అక్కడే ఉన్న ఇతరులకు ఈ హక్కు ఉంది. పోడు పట్టా అని మనం పిలిచేది ఇదే. ఒక కుటుంబానికి 4 హెక్టార్ల వరకు వస్తుంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉంటుంది. పిల్లలకు సంక్రమిస్తుంది, అమ్మడానికి కుదరదు.

"ఎట్లాగూ ఊరు వదిలేస్తున్నాం కదా, ఇప్పుడు పట్టా ఎందుకు?" అని కొందరు అనుకుంటారు. పట్టా లేకుండా కదిలితే, మీరు ఆ భూమికి హక్కుదారులు అని చూపించే కాగితం ఒక్కటీ మీ చేతిలో ఉండదు. పట్టా ఉంటే పరిస్థితి వేరు. 2013 భూసేకరణ చట్టం అటవీ హక్కుల పట్టా ఉన్నవాళ్లను భూ యజమానులుగానే లెక్కిస్తుంది. కాబట్టి 2023లో పోడు పట్టాలు ఇచ్చినప్పుడు మీది పెండింగ్‌లో పడిపోయి ఉంటే, తిరస్కరించి ఉంటే, ముందు దాని సంగతి తేల్చమని గ్రామసభలో రాయించండి.

వ్యక్తిగత పట్టా ఒక్కటే కాదు. ఇప్పపూలు, తునికాకు, తేనె, జిగురు, చిల్లగింజలు ఏరుకునే హక్కు, పశువులు మేపుకునే హక్కు, చేపలు పట్టుకునే హక్కు ఊరందరికీ కలిపి ఉంటాయి. చెంచులు, కొలాములు ఆదిమ గిరిజన తెగలు కాబట్టి, తమ ఆవాస ప్రాంతం మొత్తం మీద ప్రత్యేకంగా హక్కు అడగవచ్చు. ఇవన్నీ రాతలోకి వచ్చాకే ప్యాకేజీ గురించి మాట్లాడండి.

మీ ఇంట్లో ఎన్ని కుటుంబాలు?

డబ్బు ఇంటికి కాదు, కుటుంబానికి. గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే, అందుకే కొంచెం నెమ్మదిగా చదవండి.

భార్య, భర్త, 18 ఏళ్లు నిండని పిల్లలు కలిపి ఒక కుటుంబం. అదే ఇంట్లో ఉన్నా, అదే పొయ్యి మీద వండుకున్నా, కింద చెప్పిన వాళ్లను వేరు కుటుంబంగా లెక్కించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. 18 నిండిన కొడుకు, పెళ్లయినా కాకపోయినా. 18 నిండి పెళ్లికాని కూతురు లేదా చెల్లెలు. శారీరకంగా గానీ మానసికంగా గానీ వైకల్యం ఉన్న మనిషి, వయసు ఎంతైనా, ఆడైనా మగైనా. తల్లిదండ్రులిద్దర్నీ పోగొట్టుకున్న మైనర్ బిడ్డ. భర్త పోయిన లేదా విడాకులు తీసుకున్న మహిళ.

ఒక ఇంటిని అనుకుందాం. తల్లి, తండ్రి, తొమ్మిదో తరగతి చదివే చిన్న కొడుకు. పెళ్లయిన పెద్ద కొడుకు, వయసు 24. పెళ్లికాని రెండో కొడుకు, 19. కాలేజీలో చదివే కూతురు, 20. భర్త చనిపోయి పుట్టింట్లోనే ఉంటున్న మేనత్త. గడప ఒక్కటే గానీ జాబితాలో ఐదు పేర్లు రావాలి. అంటే ఐదు ప్యాకేజీలు, 75 లక్షలు. సర్వేకి వచ్చినవాళ్లు రేషన్ కార్డు చూసి "ఒక్కటే కార్డు, ఒక్కటే కుటుంబం" అని రాసుకుపోతే ఆ ఇల్లు 60 లక్షలు పోగొట్టుకున్నట్టే. పెళ్లయి వేరే ఊళ్లో ఉంటున్న కూతురు మాత్రం ఈ లెక్కలోకి రాదు.

ఆడపిల్లల పేర్లు, ఒంటరి ఆడవాళ్ల పేర్లు జాబితాలో రాకుండా పోయే ప్రమాదం ఎక్కువ. "పెళ్లయి పోతుంది కదా, ఆమెకెందుకు?" అని ఇంట్లోవాళ్లే అంటుంటారు. మార్గదర్శకాల్లో అలాంటి మినహాయింపు ఏదీ లేదు.

వయసు ఏ తేదీ నాటికి చూస్తారో తప్పక అడగండి. రెండు నెలల తేడాతో 18 నిండని పిల్లవాడు జాబితాలోంచి పోవచ్చు. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడి ఉంటే, అంటే అందరికీ జనవరి 1 అని పడిపోయిన ఇళ్లలో, బడి సర్టిఫికెట్ పెట్టి సర్వేకు ముందే సరిచేయించుకోండి. చదువుకోవడానికి హాస్టల్‌కు వెళ్లినవాళ్లు, పనికి వలస వెళ్లినవాళ్లు ఊరివాళ్లే. వాళ్ల పేర్లు పోకుండా చూసుకోండి. ముసాయిదా జాబితాను గ్రామసభలో పైకి చదివించి, అభ్యంతరం ఉంటే అప్పుడే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. బయటివాళ్ల పేర్లు చేరాయని తెలిస్తే అది కూడా చెప్పాలి. ఒక్క దొంగ పేరు బయటపడినా ఊరి జాబితా మొత్తం మీద అనుమానం రావచ్చు.

నగదా, భూమా?

దారులు రెండు. మొదటిది నగదు. కుటుంబానికి 15 లక్షలు, మిగతా ఏర్పాట్లన్నీ మీరే చూసుకోవాలి. రెండోది భూమి, ఇల్లు. ఏర్పాట్లు అటవీ శాఖ, జిల్లా యంత్రాంగం చేయాలి. రెండో దారిలో డబ్బు దేనికి ఎంత పోవాలో 2008 మార్గదర్శకాల్లో శాతాలుగా రాశారు. 15 లక్షలకు లెక్కగడితే ఇలా వస్తుంది. 2 హెక్టార్ల సాగు భూమి, దాన్ని చదును చేసి సాగుకు తేవడం 35 శాతం, అంటే 5 లక్షల 25 వేలు. హక్కుల పరిష్కారం 30 శాతం, 4 లక్షల 50 వేలు. ఇంటి స్థలం, ఇల్లు 20 శాతం, 3 లక్షలు. రోడ్డు, మంచినీళ్లు, కరెంటు, సాగునీరు, గుడి, శ్మశానం లాంటి ఊరుమ్మడి వసతులకు 10 శాతం, లక్షన్నర. ప్రోత్సాహకం 5 శాతం, 75 వేలు.

2 హెక్టార్లు అంటే దాదాపు 5 ఎకరాలు. ఇప్పుడు మీ మండలంలో ఎకరం ధర ఎంతుందో మీకే బాగా తెలుసు. 15 లక్షలతో ఎన్ని ఎకరాలు వస్తాయో మీరే లెక్క వేసుకోండి. ఇల్లు కట్టాలి, బోరు వేయాలి, మొదటి పంట వచ్చేదాకా తినాలి, అది కూడా అందులోంచే. భూమి కొనే ఉద్దేశం ఉన్న కుటుంబానికి రెండో దారి లాభం అని మా అభిప్రాయం. ఇప్పటికే బయట ఉద్యోగం, వ్యాపారం, సొంత ఇల్లు ఉన్నవాళ్లకు, సాగు చేసే శక్తి లేని పెద్దవాళ్లకు నగదు సరిపోవచ్చు.

ఇంకో లెక్క ఎవరూ వేయరు. అడవిలో మీకు చేతికి వచ్చేది పంట ఒక్కటే కాదు. ఏడాదికి తునికాకు మీద ఎంత, ఇప్పపూల మీద ఎంత, తేనె, జిగురు మీద ఎంత వస్తుంది? కట్టెలు, మేత, ఆకుకూరలు, గడ్డలు కొనకుండా ఎంత మిగులుతుంది? బయటికి వచ్చాక ఇవన్నీ కొనుక్కోవాలి. ఇంట్లో ఆడవాళ్లను అడిగితే ఈ లెక్క సరిగ్గా వస్తుంది, ఎందుకంటే ఏరేది వాళ్లే. కాగితం మీద వేసి చూశాకే దారి ఎంచుకోండి.

నగదు ఎంచుకున్నా మొత్తం ఒకేసారి చేతికిచ్చి పంపరు. భూమి లాంటిది కొంటున్నట్టు ఆధారం చూపిన తర్వాత కలెక్టర్ ద్వారా డబ్బు విడుదలవుతుంది. ఇది మీకు ఇబ్బందిగా అనిపించవచ్చు గానీ, డబ్బు పడిందని తెలియగానే బండ్లు అమ్మేవాళ్లు, చిట్టీల వాళ్లు, అప్పులిచ్చినవాళ్లు గుమ్మం ముందుకు వస్తారు. ఖాతా భార్యాభర్తల ఉమ్మడి పేరు మీద తెరవమని అడగండి. ప్యాకేజీ వస్తుంది కదా అని ముందే అప్పు చేయకండి.

ఏజెన్సీ దాటితే ఏం పోతుంది?

షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ కాపాడుతున్నాయి. వన్ ఆఫ్ సెవెంటీ అని అందరం అనేది దీన్నే. కొత్త ఊరు ఏజెన్సీ బయట పడితే ఆ రక్షణ ఆ భూమికి ఉండదు. ఎవరైనా కొనవచ్చు, ఎవరైనా మాయ చేసి రాయించుకోవచ్చు. ఐటీడీఏ పథకాల్లో, స్థానిక ఉద్యోగాల్లో కూడా తేడా వస్తుంది. కాబట్టి చూపిస్తున్న స్థలం షెడ్యూల్డ్ గ్రామమా కాదా అన్నది తహసీల్దార్ దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోండి. ఏజెన్సీ లోపలే భూమి చూపించమని అడగడం మీ షరతుల్లో ఒకటిగా పెట్టుకోవచ్చు.

గిరిజనేతర కుటుంబాలకు దీనికి రెండో వైపు ఉంది. మీరు నగదు తీసుకుని పక్కనే ఉన్న ఏజెన్సీ గ్రామంలో భూమి కొంటామంటే అది చెల్లదు. తెల్ల కాగితం మీద రాయించుకుని డబ్బు పోగొట్టుకోకండి.

కొత్త చోటు చూడడానికి వెళ్లినప్పుడు

నలుగురు పెద్దమనుషులు జీపులో వెళ్లి చూసొస్తే చాలదు. ప్రతి ఇంటి నుంచి ఒకరు వెళ్లాలి, ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. వానాకాలంలో పచ్చగా కనబడిన నేల ఎండాకాలంలో రాళ్లగుట్ట కావచ్చు. వీలైతే వేసవిలో కూడా ఒకసారి చూడండి. నేల తవ్వి ఎంత లోతు మట్టి ఉందో చూడండి, పక్క రైతుల్ని బోరు ఎంత లోతులో పడిందో అడగండి. ఆ నేల మీద ఇప్పటికే ఎవరైనా సాగు చేస్తున్నారా అన్నది మరీ ముఖ్యం. వాళ్లను లేపి మిమ్మల్ని పెడితే రేపు తగాదా మీ గుమ్మంలోనే.

ఆ భూమి రెవెన్యూదా, అటవీదా? అటవీ భూమి అయితే మళ్లించడానికి కేంద్రం అనుమతి వచ్చిందా, కాపీ ఎక్కడ? పట్టా ఎవరి పేరు మీద, ఎప్పుడు ఇస్తారు? భూ భారతి రికార్డులో సర్వే నంబరు ఎక్కేదాకా ఆ పట్టా మీద బ్యాంకు అప్పు రాదు, రైతు పథకాలు రావు.

గ్రామసభ రోజు

గ్రామసభ అంటే సర్పంచ్, వార్డు మెంబర్లు కాదు. ఊళ్లో 18 నిండిన ప్రతి మనిషీ గ్రామసభే. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అంతమంది లేకపోతే ఆ తీర్మానం నిలవదు. ఖాళీ కాగితం మీద, హాజరు పుస్తకం పేరుతో సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టకండి.

సమ్మతి రెండింటికి కావాలి. ఊరు కదలడానికి ఒకటి, ప్యాకేజీలోని షరతులకు ఒకటి. మొదటిదానికి ఒప్పుకుని రెండోదానికి ఒప్పుకోకపోవచ్చు. మీరు అడిగినవన్నీ, అంటే బోర్లు, బడి, ఇంటి కొలతలు, పాత ఊరి దేవర దగ్గరికి ఏడాదికోసారి వెళ్లి మొక్కు తీర్చుకోవడం, పెద్దల సమాధులు చూసుకోవడం, ఇవన్నీ తీర్మానంలోనే రాయించండి. నోటి మాటగా ఇచ్చిన హామీ ఆ అధికారి బదిలీతోనే పోతుంది. తీర్మానం కాపీని ఫోన్‌లో ఫొటో తీసి ఊరందరికీ పంపండి.

కదిలేది ఎప్పుడు?

ఇళ్లు, నీళ్లు, కరెంటు, భూమి కేటాయింపు అన్నీ పూర్తయ్యాక. ఇది కోరిక కాదు, అటవీ హక్కుల చట్టంలో ఉన్న నిబంధన. "ముందు వచ్చి రేకుల షెడ్లలో ఉండండి, ఆరు నెలల్లో ఇళ్లు అయిపోతాయి" అంటే ఒప్పుకోవాల్సిన పని లేదు. పిల్లల చదువు మధ్యలో కాకుండా పరీక్షలయ్యాక, పంట కోతలయ్యాక తేదీ పెట్టమని అడగండి. మీరు ఖాళీ చేసిన ఆ అడవిని ప్రభుత్వం తర్వాత గనులకో, రిసార్టులకో వేరే పనికో ఇవ్వకూడదని కూడా అదే చట్టంలో ఉంది.

పనులు చూసే జిల్లా కమిటీకి కలెక్టర్ అధ్యక్షుడు. అటవీ, గిరిజన సంక్షేమ, వైద్య, విద్య, వ్యవసాయ, విద్యుత్, నీటిపారుదల శాఖలవాళ్లు అందులో ఉంటారు. ఏదైనా ఆగిపోతే ముందు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, కలెక్టర్‌కు సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. అక్కడ కదలకపోతే జాతీయ ఎస్టీ కమిషన్‌కు రాయవచ్చు. ఎస్సీలకు, ఎస్టీలకు, ఏ కులం మహిళలకైనా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

కొత్త ఊరికి చేరిన మొదటి నెలలోనే రేషన్ కార్డు, పింఛను, ఓటు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఆధార్ చిరునామా మార్పించుకోండి. పాత ఊరి పేరుతో ఉన్న కుల ధ్రువీకరణ పత్రం, పోడు పట్టా, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మాత్రం పారేయకండి. మీరు ఆ ఊరివాళ్లని రేపు పిల్లలు చూపించుకోవడానికి అవే మిగులుతాయి. ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఫొటోలు తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.